తాతగారి సైకిలుకు ఇంజను: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పాత రాడ్డు సైకిలుకు చిన్న ఇంజనో బ్యాటరీ మోటారో బిగించి, వందేళ్ల కిందటి మోటారు బండిలా కనిపించేట్టు ఇంట్లోనే తయారు చేసుకోవడం ఎలాగని కావలి నుంచి కనిగిరి దాకా చాలామంది రాశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేశాం.

మా తాత తొక్కిన 24 అంగుళాల రాడ్డు సైకిలు ఉంది. ఆన్‌లైన్‌లో 80 సీసీ ఇంజను కిట్టు తెప్పించాను. వెనక చక్రానికి పళ్ల చక్రం బిగించబోతే తొమ్మిది బోల్టుల్లో రెండు మూడే స్పోకుల మధ్య దూరుతున్నాయి. కిట్టు లోపమా, నా చేతి లోపమా?
— ఒక పాఠకుడు, కావలి

రెండూ కాదు. మీ వెనక చక్రం స్పోకులు ఒకసారి లెక్కపెట్టండి. 40 ఉంటాయి. మన 28 × 1½ అంగుళాల చక్రాల రాడ్డు సైకిళ్లకు (24 అన్నది ఫ్రేము కొలత) ముందు 32, వెనక 40 స్పోకులు ఉండటం పాత ఇంగ్లీషు బళ్ల నుంచి వచ్చిన అలవాటు. కిట్టులోని పళ్ల చక్రమేమో 36 స్పోకుల చక్రం కోసం చేసింది. 36 స్పోకులైతే ఒక్కో పక్క 18, అంటే 9 జతలు. కాబట్టి 40 డిగ్రీలకొకటి చొప్పున 9 రంధ్రాలు. మీ చక్రంలో ఒక్కో పక్క 20, అంటే 10 జతలు, ఖాళీలు 36 డిగ్రీలకొకటి. మొదటి బోల్టు సరిగ్గా దూరుతుంది. రెండోది 4 డిగ్రీలు పక్కకు పోతుంది, మూడోది 8, నాలుగోది 12. అక్కడ బోల్టు నేరుగా స్పోకు మీదికి వస్తుంది. బలవంతంగా స్పోకును పక్కకు వంచి దూర్చారో, వంద కిలోమీటర్లు తిరక్కముందే ఆ స్పోకు మెడ దగ్గర పుటుక్కుమంటుంది. ఒకటి తెగితే దాని బరువు పక్కవాటి మీద పడి అవీ వరసగా పోతాయి.

దారులు రెండు. ఒకటి: లేతు షాపులో పళ్ల చక్రానికి 36 డిగ్రీలకొకటి చొప్పున 10 కొత్త రంధ్రాలు వేయించడం. పాత రంధ్రాల పక్కనే కొత్తవి పడితే మధ్యలో రేకు పలచబడి చీలుతుంది కాబట్టి, రంధ్రాలు లేని ఖాళీ చక్రం దొరికితేనే ఈ దారి. స్పోకుల లోపలి వైపు పెట్టే అర్ధచంద్రాకారపు రేకులు కూడా పనికిరావు. 3 మి.మీ. ఇనుప రేకుతో రెండు సగాల రింగు కోయించి వాటికీ 10 రంధ్రాలే వేయించాలి. రెండు: వెనక ఫోర్కు వెడల్పుకు సరిపోయే 36 రంధ్రాల హబ్బు, 36 రంధ్రాల అల్యూమినియం రిమ్ము కొని చక్రం కొత్తగా అల్లించడం. ఖర్చు ఎక్కువే అయినా మా ఓటు రెండోదానికే. ఎందుకో ఆత్మకూరు పాఠకుడికి ఇచ్చిన జవాబులో చూడండి.

బిగించేటప్పుడు రబ్బరు బిళ్లలు స్పోకులకు రెండు వైపులా ఒక్కొక్కటి ఉండాలి. బోల్టులు ఎదురెదురుగా, ఒక్కొక్కటి సగం చుట్టు చొప్పున బిగించాలి. చక్రం తిప్పుతూ ఫోర్కుకు ఒక పెన్సిలు ఆనించి చూడండి. పళ్ల చక్రం పక్కలకు గానీ పైకీ కిందికీ గానీ 1 మి.మీ.కు మించి ఊగితే విప్పి మళ్లీ బిగించండి. ఊగే చక్రం మీద చైను ఒకచోట బిగుస్తుంది, ఒకచోట వదులవుతుంది, చివరికి పళ్ల మీంచి జారుతుంది. మొదటి 50 కి.మీ. తర్వాత బోల్టులన్నీ ఇంకోసారి బిగించడం మరవకండి. రబ్బరు నలిగి కూర్చుంటుంది.

పెట్టె మీద 80 సీసీ అని రాసినా ఆ ఇంజను 80 కాదు. సిలిండరు లోపలి వ్యాసం 47 మి.మీ., పిస్టన్ నడక 38 మి.మీ. గుణించి చూసుకోండి, 66 సీసీ వస్తుంది. 40 మి.మీ. సిలిండరుదైతే 48 సీసీ. ఈ అంకె కింది ప్రశ్నలో అక్కరకొస్తుంది.

ఇంజను బిగించిన సైకిలుకు లైసెన్సు, నంబరు ప్లేటు కావాలా? సైకిలే కదా అని పోలీసులు వదిలేస్తారంటున్నారు. — ఒంగోలు

మావాడికి 16 ఏళ్లు. ఇంటరు. కాలేజీకి ఇట్లాంటి బండి చేయించుకుంటానని ఒకటే పోరు. చేయించవచ్చునా? — ఒక తల్లి, పొదిలి

పెడళ్లు ఉన్నాయా లేవా అన్నదాన్ని చట్టం చూడదు. మోటారు వాహనాల చట్టం–1988లో 2వ సెక్షను 28వ క్లాజు ప్రకారం నాలుగు కంటే తక్కువ చక్రాలుండి, 25 సీసీకి మించని ఇంజను ఉన్నదే మోటారు వాహనం లెక్కలోకి రాదు. 48 అయినా 66 అయినా గీత దాటినట్టే. దాటాక లైసెన్సు (3వ సెక్షను), రిజిస్ట్రేషన్ (39), బీమా (146) అన్నీ కావాలి. చిక్కేమిటంటే ఇంట్లో బిగించిన కిట్టుకు పరీక్ష సంస్థ ఇచ్చే నమూనా ఆమోదం ఉండదు, అది లేని బండికి నంబరు ఇవ్వరు. నంబరు లేని బండికి బీమా చేయరు. పోలీసులు వదిలేస్తారా లేదా అన్నది చిన్న సంగతి. జాతీయ రహదారి పక్కన నడిచి పోయే మనిషికి మీ బండి తగిలితే ఆ పరిహారం మొత్తం మీ జేబులోంచే పోతుందన్నది పెద్ద సంగతి. కాబట్టి 66 సీసీ బండిని సొంత తోటలోనో, ప్రదర్శనలోనో, ప్రహరీ లోపలో నడుపుకోండి. రోడ్డు మీదికి వద్దు.

పెట్రోలు చప్పుడే కావాలి, రోడ్డు మీద తిరగాలి అంటే మాకు తోచే మంచి దారి ఒకటుంది. ఆర్సీ ఉన్న పాత మోపెడ్ కొని దాన్ని బాగుచేసుకోవడం. మన పక్కనే తిరుపతిలో తయారైన సువేగా, 1972లో వచ్చిన లూనా, 1980లో వచ్చిన టీవీఎస్ 50 ఇవన్నీ పెడళ్లున్న బళ్లే, చూడటానికీ ముచ్చటగా ఉంటాయి. 15 ఏళ్లు దాటిన రిజిస్ట్రేషన్‌ను తనిఖీ చేయించి ఐదేళ్ల చొప్పున పొడిగించుకోవచ్చు. కొనేముందు ఆర్సీలోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోల్చండి.

పొరకలు, గడ్డి కోసే బ్రష్ కట్టరు ఇంజను పెట్టుకుంటే 25 సీసీ లోపే కదా అని మరో ఇద్దరు అడిగారు. ఆలోచన మంచిదే, అంకె మాత్రం జాగ్రత్త. కట్టర్లలో ఎక్కువ భాగం 30 సీసీ దాటినవే. హోండా జీఎక్స్25 పేరుకు 25 సీసీ. సిలిండరు 35, నడక 26 మి.మీ. వేసి గుణిస్తే 25.01 వస్తుంది, సరిగ్గా గీత మీద. 22, 23 సీసీ ఇంజనైతే ఏ వాదనా ఉండదు. దాని ఇరుసుకు 25 మి.మీ. రోలరు తగిలించి వెనక టైరుకు ఆనిస్తే, 7,000 చుట్ల దగ్గర లెక్క ప్రకారం గంటకు 33 కి.మీ. వస్తుంది. ఒక గుర్రం బలం ఇంజనుకు అదే ఎక్కువ. వానలో రోలరు జారుతుంది, టైరు త్వరగా అరుగుతుంది.

పొదిలి అమ్మగారికి: 16 ఏళ్లకు 50 సీసీ లోపు బండికి లైసెన్సు ఇస్తారన్నది నిజమే. అది నంబరున్న బండి సంగతి. మైనరు నేరానికి బండి యజమానినీ, కన్నవారినీ బాధ్యుల్ని చేసే 199ఏ సెక్షను 2019 సవరణతో వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. అబ్బాయి పోరు తీరాలంటే కింద బుచ్చిరెడ్డిపాళెం పాఠకుడికి చెప్పిన బ్యాటరీ సైకిలు చూడండమ్మా. చేయడంలో నేర్చుకునే పని దాంట్లోనూ తక్కువేం కాదు.

బ్రేకు పట్టడం లేదు. రబ్బర్లు రెండుసార్లు మార్చాను. — ఆత్మకూరు

రబ్బర్లు మార్చి లాభం లేదు. రాడ్డు బ్రేకులో రబ్బరు రిమ్ము లోపలి అంచును కింది నుంచి పైకి నొక్కుతుంది. గంటకు 15 కి.మీ. సైకిలుకు అది చాలు. 30 మీద పోయే బండిని ఆపాలంటే రెండింతల శక్తి కాదు, నాలుగింతలు కావాలి. వేగం వర్గంతో పెరిగే లెక్క ఇది. దానికి తోడు ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు దాని మీద సబ్బులాగా జారుతుంది.

రాడ్డు సైకిలు రిమ్ము పక్కలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి దానికి క్యాలిపర్ బ్రేకు పెట్టినా పట్టదు. రిమ్మే మార్చాలి. చదునైన పక్కలున్న 36 రంధ్రాల అల్యూమినియం రిమ్ము వేస్తే కావలి పాఠకుడి స్పోకుల చిక్కూ పోతుంది, మీ బ్రేకు చిక్కూ పోతుంది. ఒక ఖర్చుతో రెండు పనులు. ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు టైరు. పాత టైరు మీదా 28 అనే ఉంటుంది, హైబ్రిడ్ సైకిలు టైరు మీదా 28 అనే ఉంటుంది. పక్కన అచ్చేసిన చిన్న అంకె చూడండి. పాతదాని మీద 635, కొత్తదాని మీద 622. ఒకదాని టైరు ఇంకోదానికి పట్టదు. 622 రిమ్ము పెడితే అంచు 6.5 మి.మీ. లోపలికి వస్తుంది, బ్రేకు చేతులు అంత మేర కిందికి అందుతాయో లేదో ముందే కొలుచుకోండి.

హ్యాండిలుకే లీవర్లు అతికి ఉండే రాడ్డు హ్యాండిలు తీసేసి, వేరే లీవర్లు పట్టే వంపు హ్యాండిలు పెట్టాలి. దాన్ని తిరగేసి బిగిస్తే పాత రేసు బళ్ల రూపు దానంతటదే వస్తుంది. వెనక ఎడమ పక్క ఇంజను పళ్ల చక్రం ఉంటుంది కాబట్టి అక్కడ బ్యాండు బ్రేకుకు చోటుండదు. రెండు చక్రాలకూ రిమ్ము బ్రేకే దారి. ముందు చక్రానికి డ్రమ్ము హబ్బు దొరికితే ఇంకా మేలు, వానను లెక్కచేయదు. బ్రేకు పని పూర్తయ్యేదాకా ఇంజను పెట్టెను అటక మీదే ఉంచండి.

మే నెలలో రెండుసార్లు ఇంజను పట్టేసింది. ప్లగ్గు తీస్తే తెల్లగా సున్నం కొట్టినట్టుంది. మెకానిక్కు ఎండకు ఆయిలు పలచబడిందంటాడు. ఆయిలు ఎంత పోయాలి? — నెల్లూరు

ఎండ మీద నెపం వేయకండి. వేడి గాలి పలచన. ఇంజను అదే పరిమాణం గాలి పీల్చినా అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు దానంతటదే కొంచెం పెరుగుతుంది తప్ప తగ్గదు. ప్లగ్గు తెల్లబడిందంటే పెట్రోలు చాలడం లేదు, లేదా ఎక్కడి నుంచో దొంగగాలి దూరుతోంది. ఈ ఇంజన్లలో నూటికి తొంభై పాళ్లు రెండోదే.

దొంగగాలి దూరే చోట్లు మూడు. కార్బురేటరు గొట్టం మీద బిగుసుకునే చోటు, ఆ గొట్టం సిలిండరును కలిసే గాస్కెట్టు, సిలిండరు అడుగు గాస్కెట్టు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా సబ్బునీళ్లు సిరంజితో ఒక్కో అతుకు మీద చిమ్మండి. ఏ చోట చిమ్మినప్పుడు ఇంజను చప్పుడు మారితే కన్నం అక్కడే. విప్పి, గాజు పలక మీద 400 నంబరు గరుకు కాగితం పరచి, గొట్టం ముఖాన్ని గుండ్రంగా రుద్దండి. ముఖమంతా ఒకే మెరుపు వచ్చేదాకా ఆపకండి. కిట్టులో వచ్చే గాస్కెట్టు రంధ్రం ఒక్కోసారి గొట్టం రంధ్రం కన్నా చిన్నగా ఉంటుంది, బ్లేడుతో సరిచేయండి. స్టడ్డులు 6 మి.మీ.వే. అల్యూమినియంలో మరలు మెత్తన, బలం చూపిస్తే ఊడి చేతికొస్తాయి.

అప్పటికీ తెల్లగానే ఉంటే కార్బురేటరు సూది మీద క్లిప్పు ఒక గాడి కిందికి దించండి. క్లిప్పు దిగితే సూది లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. ప్లగ్గు చూసే పద్ధతి కూడా ఒకటుంది. రెండు మూడు కిలోమీటర్లు ఒకే వేగంతో నడిపి, క్లచ్చు పట్టి ఇంజను ఆపేసి అప్పుడే విప్పాలి. ఇంటి ముందు పది నిమిషాలు ఊరికే తిప్పి చూసిన ప్లగ్గు నిజం చెప్పదు. లేత ఇటుక రంగు సరైనది. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. ప్లగ్గు ఎన్‌జీకే బీ6హెచ్ఎస్ రకం, గ్యాపు 0.6 నుంచి 0.7 మి.మీ.

ఆయిలు లెక్క: ఇది పెట్రోలులోనే ఆయిలు కలిపి పోసే టూ-స్ట్రోక్ ఇంజను. కొత్త ఇంజనుకు మొదటి మూడు లీటర్ల పెట్రోలు దాకా లీటరుకు 50 మి.లీ., ఆ తర్వాత 40. కొందరు 32కు 1 అంటారు, అంటే 31 మి.లీ. మన ఎండలకు, ఈ కిట్టు బేరింగుల నాణ్యతకు 40 కన్నా తగ్గించవద్దని మా మాట. భయపడి 80, 100 పోసినా చేటే. ఆయిలు పెరిగినకొద్దీ అదే జెట్టు గుండా పోయే పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకా పలచబడుతుంది. పశువుల మందుల షాపులో దొరికే 50 మి.లీ. సిరంజితో కొలవండి, ప్యాకెట్టు చించి అందాజుగా పోయడం వద్దు. వేరే డబ్బాలో బాగా కలిపాకే ట్యాంకులో పోయాలి.

ఇంకొకటి. ఈ ఇంజనుకు ఫ్యాను లేదు, ఎదురుగాలే దాన్ని చల్లబరిచేది. ప్రదర్శనలో మధ్యాహ్నం పూట జనంలో ఇరుక్కుని క్లచ్చు సగం పట్టి నడిపితే ఏ ఆయిలూ కాపాడదు. అట్లాంటి చోట ఇంజను ఆపి తొక్కండి. పెడళ్లు ఉన్నది అందుకే.

ఇంజను చైను బిగించే చిన్న చక్రం తిరిగిపోయి స్పోకుల్లో ఇరుక్కుంది. ఆరు స్పోకులు పోయాయి. మనిషికి ఏమీ కాలేదు. — కనిగిరి

అదృష్టవంతులు. ఈ కిట్టుల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన భాగం అదే. వెనక చక్రం ఒక్క క్షణంలో బిగుసుకుపోతుంది. కిట్టులోని క్లాంపు ఒక్క బోల్టు పట్టు మీద ఆధారపడి ఫోర్కు గొట్టాన్ని పట్టుకుంటుంది. చైను లాగినప్పుడల్లా కొంచెం కొంచెం లోపలికి తిరుగుతుంది.

అసలు ఆ చక్రం ఎందుకంటే, మీ బండికి చైన్లు రెండు. కుడి పక్క పెడలు చైను, ఎడమ పక్క ఇంజను చైను. వెనక చక్రాన్ని జరిపి ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి వదులవుతుంది. కాబట్టి వరుస ఇట్లా పెట్టుకోండి. ముందు చక్రాన్ని జరిపి పెడలు చైను సరిచేసి, చక్రం ఫోర్కు మధ్యలో నిటారుగా ఉందో లేదో చూడండి. తర్వాత ఇంజను చైను లింకులు కత్తిరించి వీలైనంత దగ్గరికి తీసుకురండి. సగం లింకు దొరికితే వాడండి. ఇక మిగిలిన కొద్ది వదులుకే బిగింపు చక్రం. చైను మధ్యలో వేలితో నొక్కితే 12 నుంచి 15 మి.మీ. ఆడాలి. బిగింపు చక్రం పట్టీకి రెండో కాలు వెల్డింగు చేయించి, దాన్ని మడ్‌గార్డు ఊచ కన్నానికో స్టాండు బోల్టుకో కలిపితే అది ఇక తిరగలేదు. ఫోర్కు గొట్టానికి మాత్రం రంధ్రం వేయకండి.

ఈ మాటే ఇంజను ముందు పట్టీకీ వర్తిస్తుంది. ముందు గొట్టం లావుగా ఉంటే కన్నం పొడిచి బోల్టు దూర్చమని కొన్ని కిట్టు కాగితాల్లో ఉంటుంది. ఇంజను అదురుకు ఆ కన్నం చుట్టూ నెర్రె పుట్టి, గొట్టం ఒకరోజు రెండుగా విరుగుతుంది. దానికి బదులు సైలెన్సరు బిగించే యూ-బోల్టు క్లాంపు, మధ్యలో పలచని రబ్బరు కాక అల్యూమినియం రేకు ముక్క. రబ్బరు పెడితే ఇంజను ఊగి ఊగి స్టడ్డులు తెగుతాయి.

చీమకుర్తి దగ్గర ఉంటాం. గ్రానైటు లారీల దుమ్ము. ఫిల్టరు ఎన్నాళ్లకు కడగాలి?

మీ దగ్గర 200 కి.మీ.లకోసారి. స్పాంజిని కిరసనాయిలులో పిండి, ఆరబెట్టి, రెండు చుక్కల ఇంజను ఆయిలు పట్టించి మళ్లీ పిండి పెట్టండి. పొడి స్పాంజి రాతిపొడిని ఆపదు. ఫిల్టరు అందంగా లేదని పీకేసి ఇత్తడి గరాటా తగిలించేవాళ్లున్నారు. మీ ఊళ్లో ఆ గరాటా వయసు ఒక పిస్టన్ రింగు వయసే.

రెండు బార్ల సైకిలుంది. బార్ల మధ్య పాతకాలపు బళ్లలా చదును ట్యాంకు చేయించాలని ఉంది. కొలతలు చెప్పండి. — సింగరాయకొండ

మీకు ఉన్న సైకిలే సగం పని చేసిపెట్టింది. 1920ల మధ్య దాకా మోటారు సైకిళ్లకు ట్యాంకు పై రెండు గొట్టాల మధ్య పెట్టెలాగా వేలాడేది. బస్తాలు మోయడానికి చేసిన మన రెండు బార్ల ఫ్రేములో ఆ సందు సిద్ధంగా ఉంది.

ముందు అట్టతో నమూనా చేసి సందులో పెట్టి, సీటు మీద కూర్చుని తొక్కి చూడండి. మోకాళ్లు రాసుకోకూడదు, హ్యాండిలు పూర్తిగా తిరగాలి. వెడల్పు 9 సెం.మీ. దాటితే చాలామందికి మోకాలు తగులుతుంది. 40 సెం.మీ. పొడవు, 7 వెడల్పు, 6 ఎత్తు అయితే సుమారు 1.7 లీటర్లు. మీ సందు ఎత్తును బట్టి ఎత్తు మారుతుంది. 20 గేజి ఇనుప రేకు, అతుకులు ఇత్తడితో గ్యాసు వెల్డింగు. కుళాయి అడుగున వెనక మూల, కార్బురేటరు గిన్నె కన్నా పైన ఉండాలి. లేకపోతే చివరి అర లీటరు దిగదు. మూతకు 1 మి.మీ. గాలి కన్నం తప్పనిసరి. అది మరిచిపోతే బండి ఐదు కిలోమీటర్లు పోయి ఆగుతుంది, మూత తెరవగానే మళ్లీ నడుస్తుంది, మీరు మాత్రం కార్బురేటరు విప్పుతూ కూర్చుంటారు.

కారుతుందేమో చూడటానికి సైకిలు పంపుతో 2, 3 పీఎస్ఐ గాలి ఎక్కించి సబ్బునురుగు పూయండి. అంతకు మించవద్దు. 40 × 7 సెం.మీ. పై రేకు మీద 3 పీఎస్ఐ అంటేనే సుమారు 59 కిలోల తోపుడు. 10 పీఎస్ఐ పెడితే చదును ట్యాంకు గుమ్మడికాయ అవుతుంది.

ఒకసారి పెట్రోలు పోసిన ట్యాంకును, ఖాళీదైనా సరే, వెల్డింగుకు తీసుకుపోకండి. ఆవిరి చాలు పేలడానికి. ఎం-సీల్‌తో సరిపెట్టుకోకండి కూడా. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంది, అట్లాంటి మందులను మెత్తబరిచి ఊడదీస్తుంది. పాత రబ్బరు పైపు కూడా నిలవదు, వైటాన్ పైపు అడిగి తీసుకోండి. నెల రోజులు బండి తీయకపోతే ట్యాంకు, కార్బురేటరు గిన్నె ఖాళీ చేయండి. ఇథనాలు గాలిలో తేమ లాగి, నీళ్లతో సహా అడుగుకు దిగిపోతుంది. అడుగునుంచి తాగేది ఇంజనే.

పెట్రోలు గొడవ వద్దు. పాత సైకిలుకే బ్యాటరీ మోటారు పెట్టి, ట్యాంకులో బ్యాటరీ దాచొచ్చా? ఎంత దూరం వస్తుంది? — బుచ్చిరెడ్డిపాళెం

భేషుగ్గా. మాకు వచ్చిన ఉత్తరాల్లో రోజూ వాడుకునే బండి మీదే అవుతుంది.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 2(యు) ప్రకారం మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కి.మీ. లోపు ఉండి, సరైన బ్రేకులు, ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉన్న బ్యాటరీ సైకిలు మోటారు వాహనం కాదు. ఆ నమూనాను పరీక్ష సంస్థ ధ్రువీకరించి ఉండాలన్న షరతూ అందులోనే ఉంది. కాబట్టి కిట్టు కొనేటప్పుడు ఆ ధ్రువపత్రం ఉందా అని అడగండి, 1,000 వాట్ల కిట్ల జోలికి పోకండి.

36 వోల్టుల 250 వాట్ల హబ్బు మోటారు ముందు చక్రానికి పెట్టండి. వెనక పెడలు చైను, ఫ్రీవీలు ముట్టుకోనక్కర్లేదు. మోటారు హబ్బుకు ఇక్కడా 36 రంధ్రాలే, పాత 32 రంధ్రాల ముందు రిమ్ము పనికిరాదు. మోటారు ఇరుసు చదును పక్కల మధ్య 10 మి.మీ. పాత ఫోర్కు గాడి అంత వెడల్పు ఉండదు, రెండు పక్కలా సమానంగా ఆకురాయితో సన్నగా రాయాలి. ఒక పక్కే రాస్తే చక్రం వంకర. ఇరుసుకు టార్క్ ఆర్మ్ అనే ఇనుప చెయ్యి తప్పనిసరి. అది లేకుండా నట్టు వదులైన రోజు ఇరుసు గాడిలో గిర్రున తిరిగి వైర్లను పెనవేసి తెంపుతుంది, చక్రం కూడా ఊడిపోవచ్చు. ఫోర్కు ఇనుపదే అయి ఉండాలి. వైరు ఇరుసులోకి దూరే చోట ముందు కిందికి వంపు తిప్పి పైకి తీసుకుపోతే వాన నీళ్లు వంపులోనే కారిపోతాయి.

36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అంటే 360 వాట్ అవర్లు. వాడదగ్గది 300 అనుకోండి. తొక్కుతూ పోతే కిలోమీటరుకు 10, అంటే 30 కి.మీ. తొక్కకుండా పోతే 15, అంటే 20 కి.మీ. బుచ్చి నుంచి నెల్లూరు పోయి రావడానికి తొక్కుతూ పోతేనే లెక్క సరిపోతుంది. మీరు తొక్కుతున్నట్టు మోటారుకు తెలిపే పెడలు సెన్సరుకు రెండు ముక్కలుగా విడిపోయే అయస్కాంతపు రింగు తీసుకోండి, కాటరు పిన్నులు కొట్టి క్రాంకు విప్పే పని తప్పుతుంది.

ఆ బ్యాటరీలో 18650 రకం సెల్లులు 40 ఉంటాయి, 10 గుంపుల వరుస, ఒక్కో గుంపులో 4. పేర్చితే సుమారు 19 × 7.6 × 7 సెం.మీ. సింగరాయకొండ పాఠకుడికి చెప్పిన 7 × 6 కొలత దీనికి చాలదు, వెడల్పూ ఎత్తూ పెంచి చేయించిన చదును ట్యాంకులో పట్టేస్తుంది. సెల్లులు విడిగా కొని ఇంట్లో టంకం వేయకండి, ఆ వేడికి సెల్లు లోపల దెబ్బతింటుంది. సెల్లులను కాపాడే సర్క్యూటు (బీఎంఎస్)తో సహా తయారైన ప్యాకు కొని, బ్యాటరీ పక్కనే 25 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు పెట్టండి. ప్యాకు చుట్టూ స్పాంజి, అడుగున నీళ్లు కారే కన్నం.

ఒక్క సంగతిలో అందాన్ని కొంచెం వదులుకోవాలి. నల్ల ఇనుప ట్యాంకు మే నెల ఎండలో నిలబెడితే లోపల బ్యాటరీ ఉడుకుతుంది. లేత మీగడ రంగో బూడిద రంగో వేయండి, ఆ రోజుల్లో ఆ రంగులూ ఉండేవి. ఎండలోంచి రాగానే ఛార్జింగు పెట్టవద్దు. సెల్లు 45 డిగ్రీల లోపుకు చల్లారాలి, అంటే నీడలో ఒక గంట. 2 ఆంపియర్ల ఛార్జరుకు నిండటానికి ఐదారు గంటలు పడుతుంది.

కొత్తపట్నంలో సముద్రానికి దగ్గర ఇల్లు. ఆరు నెలల కిందట రంగు వేయించిన ఫ్రేము అప్పుడే బొబ్బలెక్కింది.

తుప్పు మీద రంగు వేశారు, లేదా ఉప్పు కడగకుండా వేశారు. పాత రంగు పూర్తిగా తీసి 80 నంబరు కాగితంతో మెరిసే ఇనుము దాకా రుద్ది, మంచినీళ్లతో కడిగి, ఆరగానే తుప్పు నిలిపే ఫాస్ఫేటు మందు పూయాలి. అది ఆరి బూడిద రంగుకు తిరిగాక ఎపాక్సీ ప్రైమరు రెండు చేతులు, 400 కాగితంతో తడి రుద్దుడు, ఆపైన ఎనామెలు పలచగా మూడు చేతులు. ఒక్కో చేతికి మధ్య పూర్తిగా ఆరనివ్వాలి. మీ ఊళ్లో పొద్దున సముద్రపు గాలి తేమ దిగాక, పదింటి తర్వాతే మొదలుపెట్టండి. బంగారు గీతలు ఎనామెలుతో గీసి పైన క్లియరు కోటు. పౌడరు కోటింగుకు ఇస్తే అడుగు బేరింగు మరలు, తల కప్పులు మూయించండి, లేకపోతే పొడి కరిగి మరల్లో గట్టిపడి కప్పులు ఎక్కవు.

బొబ్బలు బయటి సంగతి. గొట్టం లోపలి తుప్పు కనపడదు, ఇంజను అదురుకు ముందు విరిగేది అదే. సీటు కడ్డీ తీసి 50 మి.లీ. ఉడికించిన అవిసె నూనె పోసి ఫ్రేమును అన్ని వైపులా తిప్పి, అడుగు బేరింగు గూడు కన్నం గుండా మిగిలింది కారనివ్వండి. ఇంజను అల్యూమినియం, బోల్టులు ఇనుము. ఉప్పు గాలిలో రెండూ పెనవేసుకుపోతాయి, కాబట్టి ప్రతి బోల్టుకూ గ్రీజు రాసి ఎక్కించండి.

మాగ్నెటో నుంచి నీలం, నలుపు, తెలుపు వైర్లు వచ్చాయి. తెల్ల వైరుతో హెడ్‌లైటు వెలిగించొచ్చునా? — కోవూరు

వద్దు. నీలం నీలానికి, నలుపు నలుపుకు, ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే సీడీఐ పెట్టెలో కలపండి. తెల్ల వైరు ఇచ్చేది అతి కొద్ది కరెంటు. దానికి బల్బు తగిలిస్తే ప్లగ్గుకు పోవాల్సిన నిప్పురవ్వ బలహీనపడి ఇంజను తడబడుతుంది. తెగిన కొస ఫ్రేముకు తగిలితే ఇంజను అసలు అందుకోదు. లైటుకు పాత సీసా డైనమో వాడండి, బండి రూపుకూ అదే నప్పుతుంది. తెల్ల వైరు కొసకు టేపు చుట్టి బారు కింద కట్టేయండి.